నా అన్నవాళ్ళు: లేరు

శామీర్‌పేట, చెరువు రోడ్డు
జూన్ 9

తమ్ముడు రాఘవేందర్‌కు అక్క భవాని దీవెనలు.

ఉత్తరం చూసి ఉలిక్కిపడకు. నా ఫోన్ వానలో తడిసి మూగదైపోయింది, అంతే. అడిగితే చేపల దుకాణం గౌరయ్య తన ఫోన్ ఇస్తాడు కానీ, చేపలు కొనడానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ నిలబడి మన ఇంటి సంగతులు వింటారు. హాస్టల్‌లో ఉన్నప్పుడు నీకు వారానికో ఉత్తరం రాసేదాన్ని కదా, ఆ చెయ్యి ఇంకా తిరుగుతుందో లేదో చూద్దామని కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో. చేపల పొలుసు తీసీ తీసీ వేళ్ళు బిగుసుకుపోయాయి.

కొంపల్లిలో విల్లాల పని చేస్తూ మీ బావ సెంట్రింగ్ మీద నుంచి పడ్డాడని నీకు తెలుసు. మెడ కింద కదలిక పోయిందని తెలుసు. ఆ తర్వాతి సంగతి నీకు చెప్పలేదు. తూంకుంటలో అద్దె గది వదిలేశాం. మూడు నెలలుగా చెరువు రోడ్డు పక్కన నీలం కవరు కప్పుకొని ఉంటున్నాం. మావి మొత్తం పదకొండు గుడారాలు. మా పక్క గుడారంలో సిద్దమ్మ అనే ముసలామె ఉంటుంది. దువ్వెనలు, పిన్నీసులు అమ్ముతుంది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

ఇక్కడే ఎందుకు అంటావేమో. గౌరయ్య చేపల దుకాణంలో నాకు పని దొరికింది. అక్కడ కత్తిపీట ముందు కూర్చుంటే, మీ బావ "భవానీ" అని పిలిచిన పిలుపు వినబడుతుంది. రెండు గంటలకోసారి వెళ్ళి ఆయన్ను పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుందని దవాఖానలో చెప్పారు. అంతకంటే దూరంలో ఎంత మంచి ఇల్లు దొరికినా నాకు పనికిరాదు.

మొన్న మున్సిపాలిటీ జీపు వచ్చింది. కుర్ర ఆఫీసరు, మర్యాదగానే మాట్లాడాడు. "గిది సర్కారు జాగ. చెరువు కట్ట సుందరంగ జేస్తున్నరు. జల్దీ ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు. సిద్దమ్మ ఊరుకుంటుందా? "సర్కారు జాగైతే మేమెవలం బిడ్డా?" అంది. ఆయన నవ్వి, "నువ్వు ఆక్రమణవు అవ్వా" అన్నాడు. సాయంత్రం దాకా ఆమె నన్ను అడుగుతూనే ఉంది, "గదేం కులమే భవానీ?" అని.

నువ్వు ఆ మున్సిపాలిటీలోనే కంప్యూటర్ ముందు కూర్చుంటావు కదా. ఇల్లు లేనివాళ్ళ గురించి చట్టంలో ఏం రాశారో చూసి చెప్పు. పెద్ద కోరికలేమీ లేవు. నేనూ ఆయనా ఒకచోట ఉండాలి. మిగతాది ఎలా ఉన్నా సర్దుకుంటాను.

గౌరయ్య దుకాణం పేరు మీద రాస్తే నాకు అందుతుంది. శ్రీలేఖను, బిందును అడిగానని చెప్పు.

నీ అక్క
భవాని

యాప్రాల్
జూన్ 17

అక్కకు నమస్కారాలు.

మూడు నెలలా! ఒక్క మాట చెప్పలేదు. ఉత్తరం చదివి ఆ రోజు అన్నం సయించలేదు. శ్రీలేఖకు చెప్పాను, ఆమె కూడా బాధపడింది. మేము బాగానే ఉన్నాం. బిందు రెండో తరగతికి వచ్చింది. ఉన్నది రెండు గదులే కాబట్టి దాని పుస్తకాలు, కుట్టు మిషను, అన్నీ ఒకదానిలోనే. మేముండేది రెండో అంతస్తు, మెట్లు బాగా ఇరుకు. ఓనరు కూడా ఒక తీరు మనిషి, చుట్టాలు ఒక పూట ఉన్నా నీళ్ళ మోటరు గురించి అడుగుతాడు. ఎట్లాగో నెట్టుకొస్తున్నాం.

నువ్వు అడిగిన సంగతి. రోడ్డు పక్క, చెరువు పక్క ఎవరైనా ఏదైనా వేసుకుంటే మున్సిపాలిటీ తీసేయవచ్చు. కొన్నిసార్లు నోటీసు కూడా అవసరం లేదు. ఇది ఒక చట్టం. రెండోది, ఇల్లు లేనివాళ్ళకు ప్రతి పట్టణంలో రాత్రింబగళ్ళు తెరిచి ఉండే ఆశ్రయ కేంద్రం ఉండాలని పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పింది. దుప్పటి, నీళ్ళు, మరుగుదొడ్డి, అన్నీ ఉండాలి. రెండూ నిజమే. రెండు ఫైళ్ళూ మా ఆఫీసులో పక్కపక్క బీరువాల్లోనే ఉంటాయి. మొదటి బీరువాకు తాళం వేయడం నేనెప్పుడూ చూడలేదు. రెండోదాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగాలి.

మా పరిధిలో ఆడవాళ్ళకు ఒక కేంద్రం, మగవాళ్ళకు ఒక కేంద్రం ఉన్నాయి. కుటుంబాలకు కూడా ఉండాలని కాగితంలో ఉంది, కానీ కట్టలేదు. నేను సార్‌ను కదిపి చూస్తాను. నాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగమని నీకు తెలుసు, గట్టిగా అడిగే చోటు కాదు.

ఒకవేళ ఏదైనా నోటీసు వస్తే కంగారు పడకు. నాకు రాయి.

నీ తమ్ముడు
రాఘవేందర్

శామీర్‌పేట
జూన్ 28

తమ్ముడికి,

నువ్వు నోరు తెరిచిన ముహూర్తం మంచిది, నోటీసు వచ్చింది. అంటించబోతే తడి కవరుకు జిగురు పట్టలేదు. చివరికి మా గుడారం తాడుకే దారంతో కట్టి వెళ్ళారు, బట్టలు ఆరేసినట్టు. అందులో "సదరు" అనే మాట ఏడుసార్లు ఉంది. సదరు స్థలం, సదరు వ్యక్తులు, సదరు గడువు. చిన్నప్పుడు సెలవు చీటీలో కూడా "సదరు జ్వరం" అని రాసినవాడివి నువ్వు. నువ్వు టైపు చేసిందేనా? కోపం లేదులే, తప్పులు లేకుండా ఉంది.

గడువు పదిహేను రోజులు. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. సిద్దమ్మ ఒక ఉపాయం చెప్పింది. "మనల్ని తీస్తరు గని, మైసమ్మను తీస్తరా? అమ్మ ఉన్న జాగకు మిషిను రాదు" అంది. కట్ట కింద నుంచి ఒక నున్నటి రాయి తెచ్చి, పసుపు పూసి, బొట్లు పెట్టి, నాలుగు ఇటుకల గద్దె కట్టి నిలబెట్టారు. మొన్న ఆదివారం బోనం కూడా ఎత్తాం. నాకు పెద్దగా నమ్మకం లేదు కానీ బెల్లమన్నం బాగుంది. మీ బావ రెండుసార్లు అడిగి తిన్నాడు.

మీ రెండో బీరువా నుంచి కూడా ఒకామె వచ్చింది. పేరు సుచిత్ర. ఆశ్రయ కేంద్రంలో చేర్చుకునే ఫారాలు తెచ్చింది. మంచి మనిషి, కింద చాప మీదే కూర్చుంది. భార్యాభర్తలం అని చెప్పగానే పెన్ను ఆపేసింది. "జంటకు మా దగ్గర జాగ లేదమ్మా. చుట్టాలింటికి పోరాదు? నీకు ఎవ్వరూ లేరా?" అని అడిగింది. తమ్ముడు ఉన్నాడని గర్వంగా చెప్పాను. నా అన్నవాళ్ళు అనే గడిలో నీ పేరు రాసింది. రాసి, అడ్డంగా గీత కొట్టేసింది. ఆదుకునేవాళ్ళు ఉంటే నిరాశ్రయుల కింద రారట. నువ్వు ఉన్నందుకు నా పేరు పోయింది చూడు.

నవ్వుతూ రాస్తున్నాను కానీ నవ్వు రావడం లేదు తమ్ముడూ. ఏదైనా దారి ఉంటే చెప్పు.

భవాని

యాప్రాల్
జూలై 4

అక్కా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

ఒక దారి ఉంది. సుచిత్ర మేడం మళ్ళీ వస్తుంది. ఈసారి ఇద్దరూ వేరువేరుగా ఫారాలు నింపండి. నీ ఫారంలో తొమ్మిదో గడిలో భర్త పేరు రాయవద్దు. ఒంటరి మహిళ అని చెప్పు. పదకొండో గడిలో, నా అన్నవాళ్ళు: లేరు. బావ ఫారం కూడా అదే విధంగా. ఇద్దరి పేర్లు ఒకదానిలో ఒకటి ఎక్కడా కనబడకూడదు. అట్లా ఉంటేనే మంచాలు దొరుకుతాయి. నేను రోజూ ఈ ఫారాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తాను, ఏది ఒప్పుకుంటుందో ఏది ఎర్రగీత కొడుతుందో నాకు తెలుసు. చాలామంది ఇట్లాగే చేస్తారు.

కాగితం మీదే కదా అక్కా. కాగితం మీద లేరని రాసినంత మాత్రాన లేకుండా పోతారా? రెండు నెలలు ఓపిక పట్టు. కుటుంబాల కేంద్రం కోసం ఒక ఫైలు కదులుతోంది, అది తెరవగానే మీ ఇద్దరినీ ఒకచోటికి మార్పించే పూచీ నాది.

బావ దవాఖాన కాగితాలు, ఆధార్ కార్డులు ఒక సంచిలో పెట్టి నీ దగ్గరే ఉంచుకో. ఫారాల సంగతి పద్నాలుగో తేదీ లోపల చూసుకో. ఎందుకని అడగకు.

రాఘవేందర్

మేడ్చల్, మహిళల ఆశ్రయ కేంద్రం
జూలై 16

తమ్ముడికి,

పద్నాలుగు అని ఎందుకన్నావో పద్నాలుగున తెలిసింది.

పొద్దున్నే జేసీబీ, రెండు టిప్పర్లు వచ్చాయి. మైసమ్మను చూడగానే ఆఫీసరు బూట్లు విప్పాడు. దండం పెట్టుకున్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళలో ఒకడు గౌరయ్య దగ్గర కొబ్బరికాయ అడిగి తెచ్చి కొట్టాడు. మా సిద్దమ్మ మొఖం వెలిగిపోయింది. అప్పుడు ఆఫీసరు మిషిను నడిపేవాడితో, "అమ్మ జాగ ఇడిసిపెట్టి, సుట్టుముట్టు తియ్" అన్నాడు. అర్ధగంటలో పదకొండు గుడారాలూ లేవు. గద్దె మీద ఇంత పెచ్చు ఊడలేదు. సిద్దమ్మ రాయిని కావలించుకుని కూర్చుంటే ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు మెల్లగా రెక్కలు పట్టి లేపారు. "మైల పడుతది అవ్వా, లే" అన్నారు.

నేను మీ బావను దుప్పటితో గౌరయ్య దుకాణంలోకి లాగుతున్నప్పుడు మా సంచి టిప్పర్‌లోకి వెళ్ళింది. ఆధార్‌లు, రేషన్ కార్డు, దవాఖాన కాగితాలు, పెళ్ళి ఫోటో, అన్నీ. టిప్పర్ వెనక రోడ్డు దాకా పరిగెత్తాను. వాడు చూడలేదు, చూసినా ఆపడు.

తర్వాత సుచిత్ర ఫారాలతో వచ్చింది. నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఒంటరిదాన్ని, ఎవరూ లేరు. ఆమె నా కాళ్ళ వైపు చూసింది. పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. నేను వంగి మట్టెలు తీసి కొంగున ముడి వేసుకున్నాను. అప్పుడు రాసింది. మీ బావ ట్రాలీ ఆటోలో పడుకుని ఇదంతా చూస్తున్నాడు. చూసి మొఖం అటు తిప్పుకున్నాడు. ఆయన తనంతట తాను తిప్పుకోగలిగింది అదొక్కటే.

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన ముందు నేను అబద్ధం ఆడలేదు. మొదటిది ఇంత పెద్దది ఆడాను.

ఆయన్ను సికింద్రాబాద్ వైపు ఉన్న మగవాళ్ళ కేంద్రంలో వేశారు. ఇక్కడి నుంచి రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఆడవాళ్ళను గేటు దాటనివ్వరు. ఆయన పక్క మంచంలో బాలేష్ అని హోటల్‌లో గిన్నెలు కడిగే మనిషి ఉంటాడు. అతన్ని గేటు దగ్గరికి పిలిచి, మీ బావను ఎలా తిప్పాలో, దిండు ఎక్కడ పెట్టాలో చేతులతో చూపించాను. సరే అన్నాడు. కానీ పగలంతా అతనూ పనికి పోతాడు కదా.

నువ్వు మగవాడివి, నిన్ను లోపలికి పంపిస్తారు. ఈ ఆదివారం ఒక్కసారి పో. చొక్కా లేపి వీపు చూడు. ఎర్రగా ఉంటే పౌడర్ రాయి. నేను ఇక్కడే ఉన్నానని, గేటు దాకా వస్తున్నానని చెప్పు.

మంచం బాగుంది. ఫ్యాను తిరుగుతుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

భవాని

యాప్రాల్
జూలై 24

అక్కా,

ఆదివారం వెళ్ళాను. బావ బాగున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. లేచి కూర్చుని చాయ్ తాగాడు. బిందు గురించి అడిగాడు. వీపు శుభ్రంగా ఉంది, పౌడర్ రాశాను. నీ గురించి బెంగపడవద్దని చెప్పమన్నాడు.

కుటుంబాల కేంద్రం ఫైలు సార్ టేబుల్ మీద ఉంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, అందుకే చిన్న ఉత్తరం.

రాఘవేందర్

మేడ్చల్
ఆగస్టు 5

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఆయన లేచి కూర్చుని చాయ్ తాగాడని చదివి చాలా సంతోషపడ్డాను. రెండోసారి చదివి మడత పెట్టేశాను.

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున గేటు తీసినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా ఎదురుగా చెప్పులు కుట్టే ఆయన పక్కన కూర్చున్నాను. నువ్వు నాకు కనబడలేదు. వేరే గేటు నుంచి వచ్చి ఉంటావు. వేరే గేటు ఉందని నేనైతే ఎరగను. పోనీలే.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. నిన్న వెళ్ళాను. బాలేష్ గేటు దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "అన్నను అంబులెన్స్‌ల తీస్కపోయిండ్రక్కా. ఐదు దినాలాయె. ఈపంత పుండ్లైనై, జరమొచ్చింది. పొద్దంత నేనుండకపోతి. నడ్వనోళ్ళను ఈడ ఉంచుకోరంట" అన్నాడు. అతని తప్పేం లేదు. తిప్పినన్ని రోజులు తిప్పాడు.

వార్డెన్‌ను అడిగాను. "నువ్వెవరు?" అన్నాడు. భార్యను అన్నాను. రిజిస్టర్ తెచ్చి తిప్పి చూపించాడు. "గీడ చూడు. నా అన్నవాళ్ళు లేరని ఉంది. ఏలిముద్ర గూడ ఆయనదే. నీకెట్ల చెప్పాలె?" అన్నాడు. నేను ఒట్లు పెట్టుకున్నాను. ఆయన కుడి భుజం మీద కాలిన మచ్చ ఉందన్నాను. ఏ దవాఖానకు పంపారో చెప్పలేదు. రూల్ ఒప్పుకోదట.

రెండు పెద్ద దవాఖానలు తిరిగాను. కిటికీలో కూర్చున్నవాళ్ళు ఆధార్ అడుగుతారు. నాది లేదు, ఆయనది లేదు. "పేషెంటుకు నువ్వేమవుతవ్? రుజువేది?" అంటారు. మనిషినే రుజువుగా నిలబడ్డాను, పనికిరాలేదు. ఇక్కడ వార్డెనమ్మకు కూడా నిజం చెప్పాను. ఒంటరి మహిళ కాకపోతే మంచం ఖాళీ చేయాల్సి వస్తుందని, ఈ మాట వినలేదనుకుంటానని అంది.

మీ ఆఫీసులో ఎక్కడో రాసి ఉంటుంది. ఎవరిని ఎక్కడికి పంపారో కాగితం లేకుండా ఏ పనీ చేయరు కదా మీరు. వెతుకు. ఈసారి నిజంగా వెతుకు తమ్ముడూ. ఆయనకు భయం ఎక్కువ. రాత్రి నా చెయ్యి తగలకపోతే "ఉన్నవా?" అని అడిగేవాడు. అక్కడ ఎవరిని అడుగుతున్నాడో.

భవాని

యాప్రాల్
ఆగస్టు 14

అక్కా,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను. నీ ఎదురుగా వచ్చి చెప్పాల్సిన మాట. మేడ్చల్ బస్సు ఎక్కాను కూడా. కొంపల్లిలో దిగిపోయాను. నాకు ధైర్యం లేదు.

బావ లేడు అక్కా.

దవాఖానలో చేర్చిన రెండో రోజే పోయాడు. జ్వరం రక్తంలోకి పాకిందని రాసి ఉంది. మూడు రోజులు మార్చురీలో ఉంచారు. ఎవరైనా వస్తారేమోనని ఉంచాలి, అది రూల్. పోలీసులు ఆశ్రయ కేంద్రాన్ని అడిగితే వాళ్ళు ఫారం నకలు పంపారు. నా అన్నవాళ్ళు: లేరు. అది చూశాక ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు. అట్లాంటివాళ్ళ దహనం మున్సిపాలిటీ చేయాలి. అనుమతి కాగితం మా విభాగం నుంచే పోతుంది.

ఆ కాగితం నేను టైపు చేశాను.

నీ ఉత్తరం నాకు అప్పటికి రాలేదు. వారానికి ఇట్లాంటివి పది, పదిహేను వస్తాయి. పేరు, సుమారు వయసు, మగ లేదా ఆడ, మిగతా అంతా ఒకటే నమూనా. పరమేశ్ అని, బావ పేరే ఉంది. తండ్రి పేరు తెలియదు. ఊరు తెలియదు. నేను ఆగలేదని చెప్తే అబద్ధం. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. ఎంతమంది పరమేశ్‌లు లేరు అనుకున్నాను. పక్కన పెట్టి ఆశ్రయ కేంద్రానికి ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోయేది. భోజనం వేళ అయింది. ప్రింట్ తీసి సంతకానికి పెట్టాను. సదరు అనాథ శవమును అని రాశాను అక్కా. నా బావను.

నీ ఉత్తరం వచ్చాక ఫైలు తీసి చూశాను. కుడి భుజం మీద కాలిన మచ్చ అని ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. బిందును సినిమాకు తీసుకుపోయాను. సోమవారం పోదామనుకుని ముందే రాసేశాను. నీకు తెలుసు, అయినా ఒక్క మాట అనలేదు. నీ నోటీసు కూడా నేనే టైపు చేశాను. పద్నాలుగో తేదీ నాకు ముందే తెలుసు. కుటుంబాల కేంద్రం ఫైలు అంటూ ఏదీ లేదు. ఉండి ఉంటే బాగుండునని రాశాను.

అన్నిటికంటే పెద్దది ఇంకొకటి. నా ఇంటికి రండి అని ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారి రాయలేదు. మెట్లు ఇరుకని రాశాను. శ్రీలేఖ వద్దనలేదు, నేను ఆమెను అడగనే లేదు. నువ్వే వద్దంటావని నాకు నేను చెప్పుకున్నాను. లేరు అని రాయమన్నది నేనే, ఆ మాట నిజం చేసిందీ నేనే.

ఏమని క్షమించమంటాను. వచ్చి నన్ను కొట్టు.

రాఘవేందర్

మేడ్చల్
ఆగస్టు 19

తమ్ముడికి,

నీ ఉత్తరం కార్యాలయం గది ముందు నిలబడి చదివాను. గట్టిగా ఏడిస్తే మిగతావాళ్ళకు ఇబ్బంది అని వార్డెనమ్మ అంది. నిజమే, వాళ్ళకు వాళ్ళ ఏడుపులు ఉన్నాయి. బస్టాండు దాకా నడిచి, అక్కడ లారీల చప్పుడులో ఏడ్చాను. ఎవరూ ఎందుకని అడగలేదు. అదొక్కటి మంచిదైంది.

తిరిగి వచ్చి, నా ఫారంలో ఒక మాట మార్చమని వార్డెనమ్మను అడిగాను. భర్త చనిపోయాడు అని రాయమన్నాను. ఆమె చాలాసేపు పుస్తకాలు తిరగేసింది. చనిపోయిన కాగితం తెమ్మంది. అది ఎవరికి ఇస్తారని అడిగితే దగ్గరి బంధువులకు అంది. ఆయనకు ఎవరూ లేరని రాసి ఉంది కదా, ఇంకెవరికి ఇస్తారు? కాబట్టి నేను ఆయన భార్యను కాను, ముండమోసినదాన్ని కూడా కాను. ఒంటరి మహిళను. మంచం మాత్రం పదిలంగా ఉంది.

నిన్ను తిట్టడానికే కాగితం తీశాను. తిట్లు నాకు కొత్త కాదు, చేపల దుకాణంలో ఎన్నో నేర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. నువ్వు ఒక్కడివే చేశావని నేను అనుకోవడం లేదు. లేరు అని నువ్వు రాయమంటే నేను నోటితో చెప్పాను. ఆయన చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించింది కూడా నేనే.

అయితే ఒక మాట నిజం చెప్తాను, నువ్వు తప్పించుకోవడానికి దారి ఉంచను. నువ్వు పిలిస్తే నేను వచ్చేదాన్ని. వద్దనేదాన్ని కాదు. మెట్ల కింద చోటిచ్చినా వచ్చేదాన్ని. ప్రతి ఉత్తరంలో ఆ మాట కోసమే చివరిదాకా చదివాను. నీ సంతకం వచ్చేదాకా చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని, ఎక్కడైనా వదిలేశానేమో అని.

ఇక్కడికి రావద్దు. వస్తే ఎవరని అడుగుతారు, తమ్ముడని చెప్తే నీ వల్ల నా మంచం పోతుంది. శ్రీలేఖ మీద కోపం చూపించకు, ఆమెకు ఏమీ తెలియదు. బిందుకు చెప్పకు.

ఒక పని ఉంది. నువ్వు రెండు పేజీలు రాశావు కానీ ఆయన ఎన్నడు పోయాడో తేదీ వేయలేదు. దవాఖానలో రెండో రోజు అన్నావు, చేర్చింది ఎన్నడో నాకు సరిగ్గా తెలియదు. బాలేష్ ఐదు దినాలంటాడు, ఇంకొకాయన వారం అంటాడు. పోయిన తేదీ తెలిస్తే తప్ప పదకొండో రోజు ఎన్నడో లెక్కకు రాదు. దాటిపోయిందని మాత్రం తెలుసు. ఆ రోజు నేను ఏం తిన్నానో, ఎవరితో నవ్వానో గుర్తు తెచ్చుకోవాలి. సిద్దమ్మకు కూడా ఇక్కడే, నా మంచం పక్కనే చోటిచ్చారు, తేదీ చెప్తే నెల మాసికం నాడైనా గింత అన్నం వండి పిట్టలకన్నా పెడదామంటోంది.

దవాఖాన వాళ్ళు నాకు చెప్పరు. నేను ఆయనకు ఏమీ కాను. కాగితం మీద ఆ తేదీ కొట్టింది నువ్వే కదా తమ్ముడూ, ఫైలు చూసి ఒక కార్డు మీద రాసి పంపు.

భవాని